పాత తూటాకు ఉప్పుగాలి తగిలితే...
ఎస్.ఎల్.ఆర్. మోసిన ఉద్దానం హవల్దారు చెప్పిన సంగతులు

పలాస: కాశీబుగ్గ బస్టాండు దగ్గరి టీ దుకాణంలో ఆ ఉదయం మాటలన్నీ ఎలుగుబంట్ల మీదనే సాగాయి. ఉద్దానం జీడితోటల్లో ఎలుగు తిరుగుతోందంటే నవ్వులాట కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి వద్ద ఎలుగుబంటి దాడిలో ఒకరు చనిపోయి, పలువురు గాయపడిన సంగతి ఇక్కడివారు మరువలేదు. తెల్లవారకముందే తోటకు ఒంటరిగా వెళ్లాలంటే నేటికీ జంకుతారు. ఆ మాటల మధ్యలో ఒక యువరైతు, తమ ఇంట్లో తండ్రి కాలం నాటి తూటాలు ఉన్నాయని, ఎవరిదైనా తుపాకి దొరికితే రెండు పేల్చి ఎలుగును బెదరగొట్టవచ్చునని అన్నాడు.

బల్ల చివర కూర్చున్న పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టారు. సైన్యంలో హవల్దారుగా పనిచేసి వచ్చిన ఆయనను చుట్టుపక్కల ఊళ్లవారంతా ‘మిలట్రీ మావ’ అని పిలుస్తారు. పేరు పత్రికలో వద్దన్నారు గనుక మనమూ అలాగే పిలుద్దాం.

“ఏ తూటాలు బాబూ?” అని అడిగారు.

“పన్నెండు బోరువి మావా. నాన్న పోయాక తుపాకి ఠాణాకి ఇచ్చీసినాం. తూటాలు పెట్టెలో ఉండిపోనాయి.”

“తిత్లీకి మీ ఇల్లు ఏటయింది?”

“రేకులు ఎగిరిపోనాయి గదా. పెట్టె నిండా వానే.”

“మరి తూటాలు?”

“తడిసిపోనాయి. కల్లంలో పట్టా ఏసి ఎండబెట్టీసినాం. ఇప్పుడు పశువుల సాల్లో అటక మీదున్నాయి.”

మిలట్రీ మావ నవ్వలేదు. “వాన, ఎండ, పశువుల సాల. తూటా పాడవడానికి మూడు దారులుంటే మూడూ చూపించీసినావు. వాట్ని ఎవలి తుపాకిలోనూ పెట్టకు” అన్నారు.

పశువుల సాలకూ తూటాకూ సంబంధం ఏమిటో ఈ విలేకరికి ఆ పూట బోధపడలేదు. టెక్కలిలో ఇంటర్ చదివే రోజుల్లో ఎన్.సి.సి.లో పాయింట్ 22 తుపాకితో అయిదు గుళ్లు కాల్చిన అనుభవం తప్ప మనకు ఆ విద్య తెలియదు. అందుకే రెండు రోజుల తర్వాత ఆయన ఇంటికి వెళ్లడం జరిగింది. సైన్యంలో పనిచేసినవారు లేని ఊరు ఉద్దానంలో వెతికితే గాని దొరకదు. వారిలో ఇప్పుడు అరవై దాటిన తరానికి తుపాకి అంటే ఒక్కటే: ఎస్.ఎల్.ఆర్.

చేత్తో తిప్పేది, తానే తిప్పుకొనేది

1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన జవాన్ల చేతిలో ఉన్నది ఇంగ్లీషువారి నాటి 303 రైఫిలు. ఒక్కొక్క గుండు పేల్చాక చేత్తో బోల్టు ఎత్తి, వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తొయ్యాలి. ఆ యుద్ధం తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో కొత్త రైఫిలు తయారై సైన్యానికి వచ్చింది. అదే సెల్ఫ్ లోడింగ్ రైఫిలు, క్లుప్తంగా ఎస్.ఎల్.ఆర్. మేగజీనులో 20 తూటాలు పడతాయి. ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారి ఒక గుండు పేలుతుంది. ఖాళీ గుల్లను బయటకు విసిరి, తర్వాతి తూటాను తానే ఎక్కించుకుంటుంది. 1971 యుద్ధంలో మన కాల్బలాల ప్రధాన ఆయుధం ఇదే. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో ఉన్న మన శాంతిసేన చేతిలోనూ ఇదే ఉండేది. 1990 దశకంలో ఇన్సాస్ రైఫిళ్లు రావడంతో సైన్యంలో దీని స్థానం తగ్గి, పోలీసు బలగాల చేతికి వెళ్లింది.

మిలట్రీ మావ 1978లో చేరి, 1997లో రిటైరై వచ్చారు. శ్రీలంక కూడా వెళ్లారు. తుపాకి పని చేసే తీరు చెప్పమంటే లోపలి నుంచి మనవడి సైకిలు పంపు తెప్పించారు.

“303కి బలం మన చెయ్యి. ఎస్.ఎల్.ఆర్.కి బలం తూటాయే. తేడా అంతా అక్కడే ఉంది” అంటూ పంపు కడ్డీని వెనక్కి తోసి చూపించారు.

తూటా పేలినప్పుడు గొట్టంలో పుట్టే వాయువులో కొంత భాగం గొట్టం పైనున్న చిన్న రంధ్రం గుండా పైకి వస్తుంది. అక్కడ పంపు కడ్డీ వంటి పిస్టను ఉంటుంది. ఆ వాయువు తగలగానే అది వెనక్కి కొడుతుంది. ఆ దెబ్బకు బోల్టు వెనక్కి వెళుతూ ఖాళీ గుల్లను లాగి పారేస్తుంది. వెనక ఉన్న స్ప్రింగు బోల్టును మళ్లీ ముందుకు నెడుతుంది, దారిలో కొత్త తూటా ఎక్కుతుంది. ఇదంతా కన్ను మూసి తెరిచే లోపల జరిగిపోతుంది. లోపల పుట్టే ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 50 వేల పౌండ్లు. లారీ టైరులో మనం కొట్టించే గాలి వంద పౌండ్ల పైచిలుకే గదా, దానితో పోల్చి చూసుకోవచ్చు.

అందువల్ల తూటాలో మందు నీరసపడితే 303లో అంతగా తెలియదు. గుండు గురికి కిందుగా తగులుతుంది, అంతే. మిగతా పని చెయ్యి చేస్తుంది. ఎస్.ఎల్.ఆర్.లో అలా కుదరదు. పిస్టనుకు చాలినంత దెబ్బ తగలక బోల్టు సగం దూరమే వెనక్కి వెళుతుంది. ఖాళీ గుల్ల బయటపడక మధ్యలో ఇరుక్కుంటుంది. ఒక్కొక్కసారి గుల్ల పడిపోయినా, కొత్త తూటా ఎక్కక బోల్టు ఉత్తినే మూసుకుంటుంది. జవాను ట్రిగ్గరు నొక్కితే ‘టక్’మంటుంది, గుండు రాదు. సైన్యంలో దీనిని ‘రోక్’ అంటారు.

ఇందుకు విరుగుడుగా ఆ రైఫిలుకు గ్యాసు రెగ్యులేటరు అనే చిన్న కట్టు ఉంది. దానిమీద అంకెలుంటాయి. తెరిచి ఉంచితే వాయువు కొంత బయటకు పోతుంది. మూసిన కొద్దీ ఎక్కువ వాయువు పిస్టను మీదకు వస్తుంది. మన ఆయిలింజను సరిగా లాగకపోతే కొంచెం ఎక్కువ ఇస్తాం చూశారా, అలాంటిదే. మురికి పట్టినా, తూటాలు నీరసమైనా రెండు అంకెలు బిగిస్తే తుపాకి మళ్లీ నడుస్తుంది.

“అక్కడే మోసపోతాం. అన్ని తూటాలూ ఒకేలా నీరసమైతే బిగించుకోవచ్చు. పాత తూటాలు అలా ఉండవు. ఒకటి నీరసం, పక్కది బలం. దేనికని బిగిస్తావు?” అన్నారు మావ.

ముప్పై దాకా లెక్క

ఆయన అసలు చెప్పదలచుకున్నది ఆ తర్వాత వచ్చింది. అప్పటిదాకా పంపు ఆడిస్తూ ఉత్సాహంగా మాట్లాడిన మనిషి పంపు పక్కన పెట్టేశారు.

1980 దశకంలో ఒక వేసవి. ఏ యూనిటో, ఏ ఊరో రాయవద్దన్నారు. ఏటేటా జరిగే కాల్పుల పరీక్ష. ప్రాక్టీసుకు ముందుగా పాత లాటు తూటాలే ఇచ్చేవారట. కొత్తవి సరిహద్దుకు, పాతవి రేంజికి. ఎక్కడైనా అంతే, పాత ధాన్యం ముందు దంపుకుంటాం. అప్పటికి ఆయన నాయక్. ఒక కుర్ర జవాను పడుకుని కాలుస్తుంటే పక్కన మోకాళ్ల మీద ఉండి చూస్తున్నారు. ఆరేడు గుళ్లు బాగానే పోయాయి. తర్వాతి దానికి ‘టక్’మంది. వ్యవధి లెక్కపెట్టి కాల్చే పరీక్ష అది.

“నేనే అన్నాను, లాగు, లాగు, టైమైపోతంది అని.”

ఎడమ వైపున్న హ్యాండిలు పట్టుకుని కుర్రవాడు వెనక్కి లాగాడు. బోల్టు తెరుచుకోవడం, లోపలి తూటా పేలడం ఒక్కసారే జరిగాయి. మూసి ఉన్న బోల్టు వెనక అయితే 50 వేల పౌండ్ల ఒత్తిడినైనా ఉక్కు కాచుకుంటుంది. తెరిచాక కాచేది పలచని ఇత్తడి గుల్ల ఒక్కటే. అది చీలి ముక్కలయింది. కుర్రవాడి కుడి కన్ను పోయింది. సైన్యం నుంచి పింఛనుతో ఇంటికి పంపించారు.

“వాడిది ఒడిశా, గంజాం వైపు. మనకు దగ్గరే. నేను రిటైరై వొచ్చాక ఒకసారి ఎల్లినాను. అన్నం పెట్టినాడు. ఏటీ అనలేదు.”

కాసేపు ఆయనా ఏమీ అనలేదు, మేమూ అడగలేదు.

ఆలస్యంగా పేలే ఈ తూటా పాత మందుగుండులో అన్నిటికన్నా ప్రమాదకరమైనదని వివరించారు. సూది తగిలిన వెంటనే తూటా అడుగునున్న క్యాపులో నిప్పు పుట్టి, ఆ నిప్పు మందుకు అంటుకోవాలి. క్యాపు నీరసపడినా, మందు చెమ్మగిల్లినా నిప్పు రాజుకుంటూ ఉంటుంది. అర సెకను కావచ్చు, అంతకంటే ఎక్కువే కావచ్చు. దీపావళికి చీదేసిందనుకున్న టపాకాయ దగ్గరకు వెళ్లి చెయ్యి కాల్చుకునే పిల్లలను మనం చూస్తూనే ఉంటాం. అందుకే ‘టక్’మన్న తర్వాత గొట్టాన్ని గురివైపే ఉంచి, కదలకుండా ముప్పై దాకా లెక్కపెట్టాలని నియమం. నియమం ఆ రోజు తనకూ తెలుసునని మావ రెండుసార్లు అన్నారు.

ఇంకొక రకం ఉంది. పేలినట్టు పెద్ద చప్పుడు రాదు. ‘టప్’మని చిన్న శబ్దం, భుజానికి దెబ్బ తెలియదు. మందు సరిగా మండక గుండు గొట్టంలోనే నిలిచిపోయిందన్నమాట. అది గమనించకుండా రెండవ గుండు పేలిస్తే గొట్టం ఉబ్బడమో, పగలడమో జరుగుతుంది. ఎస్.ఎల్.ఆర్.లో అలా నీరసపడిన తూటా తర్వాత బోల్టు సాధారణంగా తనంత తాను తిరగదు. అది ఒక విధంగా మేలు. కానీ కంగారులో ఉన్నవాడు చేత్తో లాగి మరొకటి ఎక్కించేస్తాడు.

గుర్రాల శాలలో దొరికిన రహస్యం

తూటా వయసును అడుగున చూసి చెప్పవచ్చు. ఇత్తడి అడుగు మీద ఫ్యాక్టరీ అక్షరాలు, సంవత్సరం అంకెలు కొట్టి ఉంటాయి. పూనా దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీదైతే ‘కె.ఎఫ్.’ అని, మహారాష్ట్రలోనే ఉన్న వరణ్‌గావ్ ఫ్యాక్టరీదైతే ‘ఓ.ఎఫ్.వి.’ అని ఉంటుంది. అయితే ఆ సంవత్సరం చూసి మంచి చెడ్డలు చెప్పలేమని మావ గట్టిగా అన్నారు. వయసు కన్నా అది ఎక్కడ బతికిందన్నదే ముఖ్యం.

ఇందుకు నిదర్శనం అమెరికాలో దొరుకుతుంది. అక్కడ సైన్యం వదిలేసిన పాత రైఫిళ్లను పౌరులు కొనుక్కుని గురి పోటీల్లో కాల్చడం మామూలు. 1936లో అమెరికా సైన్యం స్వీకరించిన గారండ్ రైఫిలు మన ఎస్.ఎల్.ఆర్. లాగే గ్యాసుతో తానే నింపుకొనేది. ఎనిమిది తూటాల క్లిప్పు పడుతుంది. రెండవ ప్రపంచ యుద్ధం నాటి ఆ తుపాకిలో అంత పాత తూటాలనే వేసి కాల్చేవారు ఇప్పటికీ ఉన్నారు. గాలి చొరకుండా రేకు డబ్బాలలో సీలు వేసి, చల్లని పొడిచోట ఉంచిన తూటాలు దశాబ్దాల తర్వాత కూడా చక్కగా పేలుతున్నాయి. ఎండలో, గోదాముల వేడిలో మగ్గినవి మాత్రం అంతకంటే చిన్న వయసులోనే చెడిపోతున్నాయి.

కారణం మందులోనే ఉంది. పొగలేని మందు ప్రత్తితో చేసిన నైట్రో పదార్థం. అది ఏళ్ల తరబడి తనలో తాను కొద్దికొద్దిగా విరుగుతూ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరిని పీల్చుకోవడానికి ఫ్యాక్టరీలోనే ఒక రసాయనం కలుపుతారు. ఆ రసాయనం ఉన్నంతకాలం మందు క్షేమం. వేడి పెరిగిన కొద్దీ అది త్వరగా ఖర్చయిపోతుంది. తర్వాత మందు నీరసపడవచ్చు, లేదా ఉండవలసినదానికన్నా వేగంగా మండి ఒత్తిడి పెంచవచ్చు. పైనుంచి చూస్తే ఏదీ తెలియదు. ఇత్తడికి పచ్చని చిలుము పట్టినా, విప్పితే ఘాటైన పులుపు వాసన వచ్చినా అప్పటికే ఆలస్యమైనట్టు. విప్పి చూడమని కాదు సుమా. అది ఫ్యాక్టరీవారి పని.

పశువుల సాల సంగతి ఇక్కడే వస్తుంది. ఇంగ్లీషువారి కాలంలో మన దేశంలోని సైనిక దళాలకు వానాకాలం వచ్చిందంటే ఒక విచిత్రం ఎదురయ్యేది. ఎవరూ ముట్టకుండానే తూటాల ఇత్తడి గుల్లలకు పగుళ్లు వచ్చేవి. వానాకాలంలో తూటాలను గుర్రాల శాలల్లో దాచేవారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా వాయువు, చెమ్మ గాలి కలిసి, బిగువు మీద ఉన్న ఇత్తడిని పగలగొడుతున్నాయని 1921లో ముగ్గురు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు తేల్చారు. గుల్ల తయారయ్యాక దానిని మెల్లగా వేడిచేసి ఆ బిగువు తీసేయడం దానికి మందు. ఆవు గొడ్డలున్న శాలలోనూ ఉండేది అదే అమ్మోనియా. ముక్కు మండించే ఆ వాసన మన రైతులకు ఒకరు చెప్పాలా? పగిలిన గుల్లను తానే ఎక్కించుకునే తుపాకిలో వేస్తే ముందు సగం లోపలే తెగి ఉండిపోతుంది. వెనకనుంచి వచ్చే తూటా దానిలోకి దూరి ఇరుక్కుంటుంది.

ఉప్పు సంగతి మరొకటి. పాత తూటాల క్యాపులలో పొటాషియం క్లోరేటు వాడేవారు. అది పేలాక గొట్టంలో మిగిలేది ఒక రకం ఉప్పు. ఉప్పు గాలిలోని చెమ్మను లాగుతుంది, రాత్రికి రాత్రి తుప్పు పడుతుంది. నూనె రాస్తే ఉప్పు పోదు, నీటికే కరుగుతుంది. 303 నాటి సిపాయిలు కాల్చిన వెంటనే గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడిగేది ఇందుకే. ఎస్.ఎల్.ఆర్. వంటి గ్యాసు తుపాకిలో ఆ ఉప్పు పిస్టను దాకా పోతుంది గనుక అలాంటి పాత తూటాలు వేస్తే గొట్టం ఒక్కటే కాదు, గ్యాసు దారి అంతా కడగాలి. అమెరికాలో గారండ్ వాడేవారికి కూడా ఇదే బాధ. 1950 దశకం మొదటి వరకు అక్కడ తయారైన సైనిక తూటాల్లో చాలావాటి క్యాపులు ఈ జాతివే. ఇక సముద్రానికి కూతవేటు దూరంలో, కిటికీ ఊచలే మూడేళ్లకు పొరలు పొరలుగా ఊడిపోయే మన తీరంలో వేరే చెప్పాలా!

బస్తా కోసి చూసినట్టే

మరి సైన్యం పాత తూటాల మంచి చెడ్డలు ఎలా తేల్చుకుంటుంది? మావ చెప్పిన పోలిక పలాసవారికి వెంటనే అర్థమవుతుంది. జీడి పిక్కల వ్యాపారి 80 కిలోల బస్తాను పైనుంచి చూసి ధర కట్టడు. గుప్పెడు తీసి కోసి చూస్తాడు. ఎన్ని పప్పు పట్టాయి, ఎన్ని పుచ్చాయి, లెక్క కట్టి బస్తా మొత్తానికి తీర్పు చెబుతాడు. తూటాలూ అంతే. ఒకే రోజుల్లో ఒకే మందుతో తయారైన వాటికి ఒక లాటు నంబరు ఉంటుంది. ఆ లాటులోంచి కొన్ని తీసి కాల్చి చూస్తారు, మందును పరీక్షకు పంపుతారు. తప్పితే లాటు మొత్తాన్ని పక్కకు తీసి నాశనం చేస్తారు.

ఇంటి పెట్టెలో దొరికిన పది తూటాలకు లాటు లేదు, చరిత్ర లేదు. తొమ్మిది పేలి చూపించినా పదవదాని గురించి అవి ఏమీ చెప్పవు.

ఎవరికి ఇవ్వాలి?

7.62, 303 తూటాలు సైన్యం, పోలీసుల వాడకానికి చెందినవి. వీటికి మామూలు పౌరులకు లైసెన్సు ఇవ్వరు. సైన్యం నుంచి వచ్చేటప్పుడు గుర్తుగా ఒకటి రెండు జేబులో వేసుకుని వచ్చిన పాతకాలపు వారు అక్కడక్కడ ఉన్నారని మావ ఒప్పుకున్నారు. గుర్తు అనుకున్నది చట్టం దృష్టిలో నేరమే. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఎలాగో, పేలే తూటా కూడా అలాగే.

లైసెన్సుదారు చనిపోతే? ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు వర్తించే ప్రశ్న ఇది. తుపాకినీ, తూటాలనూ అనవసరపు జాప్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న డీలరు వద్దనో జమ చేయాలని అదే చట్టం 21వ సెక్షను చెబుతోంది. మనవారు తుపాకి ఇచ్చి ఊరుకుంటారు. తూటాలు పెట్టెలోనో, దేవుడి గదిలోనో, బియ్యపు డబ్బా వెనకో మిగిలిపోతాయి. ఇచ్చేటప్పుడు పాత లైసెన్సు కాగితం, మరణ ధ్రువపత్రం వెంట ఉంటే మాట త్వరగా తెములుతుంది. జమ చేసినందుకు రసీదు తప్పక అడిగి తీసుకోవాలి.

పొలంలోనో, పాత ఇల్లు కూల్చినచోటో తూటా కనబడితే తియ్యకుండా 112కి ఫోను చెయ్యడమే మంచిది. ఇత్తడి కదా అని పాత సామాన్ల బండికి వెయ్యడం, సుత్తితో కొట్టి సీసం తీయబోవడం ప్రాణం మీదకు తెచ్చుకునే పనులు. బయట పేలిన తూటాకు తుపాకిలో ఉన్నంత వేగం గుండుకు రాదు గాని, చీలిన ఇత్తడి ముక్క కన్ను తీయడానికి చాలు.

ఎలుగుబంటి విషయానికి వస్తే, దానిని కాల్చడం వన్యప్రాణి చట్టం కింద నేరం. కనబడితే అటవీ శాఖకు చెప్పాలి. వారు వచ్చేసరికి ఎంతసేపు పడుతుందన్నది వేరే కథ. ఆ కథ మరోసారి.

యువరైతు మరుసటి వారం తూటాలను స్టేషనుకు తీసుకువెళ్లాడు. మొత్తం పదకొండు. కాగితపు గొట్టం వానకు ఉబ్బి, నాలుగయితే ఏ తుపాకిలోనూ దూరని స్థితిలో ఉన్నాయి. మిగిలిన ఏడూ చూడటానికి నిగనిగలాడుతున్నాయి. కానిస్టేబులు వాటిని ఇసుక ఉన్న బకెట్టులో పెట్టించి, రసీదు రాసి ఇచ్చాడు. ఆ రసీదును అతను ఫోనులో ఫొటో తీసి మిలట్రీ మావకు చూపించాడు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, “ఏడు బాగున్నాయని రాయలేదు గదా?” అని అడిగారు.

“లేదు మావా. పదకొండు అని రాసినారు, అంతే.”

“అదే మంచిది” అన్నారు.